పదమూడో నెల

మా నాన్న హాల్వర్దుర్ ఎయ్‌విందార్సన్.
అంటే, ఎయ్‌విందుర్ కొడుకు.
ఐస్‌లాండ్‌లో మాకు ఇంటిపేర్లు ఉండవు,
తండ్రి పేరే మన పేరు వెనక
తడిబూట్ల గుర్తుల్లా నడిచొస్తుంది.

ఎయ్‌విందుర్ మార్చిలో మునిగిపోయాడు.
పడవ దొరికింది. ఒక చేతితొడుగు దొరికింది.
మా నాన్న పుట్టింది పై ఏడు ఏప్రిల్లో.

లెక్క రానివాళ్ళెవరూ లేరు మా సముద్రపుపాయ ఒడ్డున.
గొర్రె ఎప్పుడు ఈనుతుందో
హెర్రింగ్ చేప ఎన్నాళ్ళకి ఉప్పులో ఊరుతుందో
చీకట్లో అడిగినా చెప్పే మనుషులు.
పాస్టరు రిజిస్టరు తెరిచి
వేళ్ళ మీద మొదలుపెట్టి, తొమ్మిది దాటాక
చెయ్యి జేబులో పెట్టుకున్నాడట.
"తండ్రి?"
మా నానమ్మ స్టెయిన్‌వోర్ నోరు తెరిచేలోపే
వెనక బెంచీలోంచి ఆస్లౌగ్ లేచింది.
ఎయ్‌విందుర్ తల్లి. నల్లశాలువా.
"మావాడే. రాయండి."

రాశారు.
చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా,
ఆ చారెడు కళ్ళూ తెచ్చి ఊరు ఊరంతా
ఉయ్యాల్లో పిల్లాడికి పెట్టేసింది.
ముక్కు ఎయ్‌విందుర్‌దేనట, నడక కూడా అతనిదేనట,
అప్పటికింకా నడక రాలేదు వాడికి.

ఇదంతా నాకు అమ్మ చెప్పింది,
వేడినీటి కొలనులో మెడదాకా మునిగి,
నెత్తిమీద మంచు పడుతుంటే.
అమ్మకి నానమ్మ చెప్పింది
చేపలు కడుగుతూ, తల ఎత్తకుండా.
మా ఇంట్లో ఈ మాట
ఆడవాళ్ళ చేతులు తడిగా ఉన్నప్పుడే చేతులు మారుతుంది.
పొడిచోట చెబితే అంటుకుంటుందని భయమేమో.

ఆ వేసవి నానమ్మ హెర్రింగ్ రేవులో పనికెళ్ళింది.
ఉప్పు కొరక్కుండా వేళ్ళకి గుడ్డపీలికలు.
పీపా నిండితే ఒక రేకుబిళ్ళ,
బూటులో పడేసుకోవాలి.
రాత్రికి బూటు బోర్లిస్తే లెక్క, లెక్కని బట్టి కూలి.
ఒక రాత్రి బిళ్ళల మధ్య
నడుమ చిల్లున్న నార్వే నాణెం రాలిందట.
"ఎవరేశారు?" అంది అమ్మ.
"బూటు నాదే," అంది నానమ్మ,
ఇంకో చేప పొట్ట కోసింది.

నార్వే ఓడవాడో,
పీపాల లెక్క రాసే గుమాస్తానో,
ఇష్టమో, కాదో.
ఆ చివరిదైనా అడగాల్సిందని
అమ్మ ఇప్పటికీ అంటూంటుంది, ఎవరితోనూ కాదు, సింకుతో.

మొన్న మా ఓర్రి ఒక డబ్బా తెచ్చాడు
తాత ఎనభై అయిదో పుట్టినరోజుకి.
గొట్టంలో ఉమ్మేసి పోస్టులో వేస్తే
ఏ రేవు రక్తమో, ఏ దేశంలో దాయాదులున్నారో
ఆరు వారాల్లో చెబుతారట.
అమ్మ చేతిలో కాఫీ కెటిల్ ఆగింది.
నేను లేచి ఏ పనీ లేకుండానే
కుళాయి కింద చేతులు పెట్టాను.

నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని
డబ్బా మీద చిన్నక్షరాలు కూడా చదివాడు.
"ఇందులో ఆస్లౌగ్ వస్తుందా?"
"ఎవరు తాతా?"
"మా నాయనమ్మ.
మా నాన్నది ఒక్క చేతితొడుగే మిగిలింది కదా,
దానికి జత అల్లింది, నా చేతి కొలతకి.
ఒకటి వదులు, ఒకటి బిగుతు,
ఆ చలికాలమంతా అలాగే బడికెళ్ళాను.
నవ్వినవాళ్ళని కొట్టాను కూడా."

ఓర్రి ఫోనులో వెతికాడు.
"రక్తసంబంధం ఉంటే వస్తుంది తాతా."

నాన్న మూత నొక్కి, డబ్బాని టీవీ వెనక పెట్టాడు.
కిటికీ దగ్గర నిలబడి రేవు వైపు చూస్తూ
వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు.
రెండు చేతులూ అయిపోయాయి.
తర్వాత ఇంకో మూడు వేళ్ళు.
నేను చూస్తున్నానని తెలుసు.

"కాఫీ చల్లారిపోతోంది," అన్నాడు.